మ్యాన్ పేజీలో తప్పుంటే రిలీజ్ ఆపాలా?

గోదారి_గట్టు:
మాది చిన్న ఓపెన్ సోర్స్ టూల్. కోడ్ టెస్టులు పాస్ కాకపోతే రిలీజ్ ఆగుతుంది, దాని మీద ఎవరికీ పేచీ లేదు. మ్యాన్ పేజీని (టెర్మినల్‌లో తెరిచి చదివే వాడకం గైడ్‌ని) కూడా అలాగే పరీక్షించి, ప్రూఫ్ చూశాకే వదలాలని నేనంటున్నా. "అది చదివేదెవరు? తర్వాత దిద్దుకుందాంలే" అని మిగతావాళ్లు. మీరేమంటారు?

స్క్రిప్టు_సూరి:
ఆపక్కర్లేదు బ్రో. మ్యాన్ పేజీలు చూపించే మ్యాన్‌డాక్ ప్రోగ్రామ్‌లో లింట్ ఉందిగా, అదే తప్పులు పట్టే మోడ్. తెలియని మాక్రో (ఫార్మాటింగ్ ఆదేశం), లైను చివర ఖాళీలు, అన్నీ అదే చెప్పేస్తుంది. బిల్డ్‌లో ఒక్క లైను కలిపితే సరి. దీనికి మనిషిని కూర్చోబెట్టడం దండగ.

టెర్మినల్_తాత:
లింట్ వాడాల్సిందే సూరీ, కాదనను. కానీ అది చూసేది మార్కప్‌ని, అంటే ఫార్మాటింగ్ గుర్తుల్ని, విషయాన్ని కాదు. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్ సంగతే తీసుకో. సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది. ఉదాహరణలో ఆ ఒక్క గీత ఎగిరిపోతే లింట్‌కి తెలియదు, స్పెల్ చెకర్‌కీ తెలియదు. భాష బాగా వచ్చిన ప్రూఫ్ రీడరైతే, ఎవరో పొరపాటున కొట్టారనుకుని తానే తీసేస్తాడు కూడా! అదే అక్కర్లేని చోట స్లాష్ చేరి, పక్కన డిలీట్ ఆప్షన్ కూడా ఉందనుకో, అవతలి ఫోల్డర్‌లో ముందు నుంచీ ఉన్న ఫైళ్లు గోవిందా. ఉదాహరణ అన్నాక నడిపి చూడాల్సిందే.

రాఫ్_రాణి:
తాతగారితో ఏకీభవిస్తున్నా. ఇంకోటి చూడండి. మ్యాన్ పేజీలు రాసే రాఫ్ అనే మార్కప్ భాషలో లైను చుక్కతో గానీ సింగిల్ కోట్‌తో గానీ మొదలైతే దాన్ని ఆదేశం అనుకుంటుంది. ఎడిటర్‌లో పేరా సర్దేటప్పుడు కోట్‌లో ఉన్న మాట లైను మొదటికి వచ్చి పడితే ఆ లైను మొత్తం మాయం. రాఫ్‌ని పేజీగా మార్చి చూపే గ్రాఫ్ (groff) ప్రోగ్రామ్ మామూలుగా కిక్కురుమనదు. సోర్స్ ఫైల్ చదివి ప్రూఫ్ చూసేవాళ్లకు ఇది దొరకదు, అక్కడ వాక్యం నిక్షేపంగా ఉంటుంది.

స్క్రిప్టు_సూరి:
అక్కా, అది లింట్ పట్టేదే! నా తరఫునే వాదిస్తున్నారు, థాంక్స్ 😀

రాఫ్_రాణి:
సరే, అది నీకే వదిలేస్తున్నా. మరి హైఫన్ మాటేమిటి? 2023లో గ్రాఫ్ 1.23 వచ్చాక, బ్యాక్‌స్లాష్ లేకుండా రాసిన హైఫన్ యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) టెర్మినల్‌లో వేరే క్యారెక్టర్‌గా వస్తోంది. కంటికి రెండూ ఒకటే. కాపీ చేసి పేస్ట్ చేస్తే మాత్రం హైఫన్‌తో మొదలయ్యే ఆప్షన్‌ని కమాండ్ గుర్తుపట్టదు. పేజీలో ఆప్షన్ పేరు కొట్టి వెతికినా దొరకదు. డెబియన్ అనే లినక్స్ తన సెట్టింగుల్లో పాత పద్ధతికే తిప్పేసింది కాబట్టి, రాసినవాళ్ల మెషీన్‌లో బాగానే ఉండి ఇంకొకరి దగ్గర బెడిసికొడుతుంది. తెరిచి, కాపీ చేసి, నడిపితే తప్ప ఈ తేడా బయటపడదు.

ఉత్త_యూజర్:
అంతా బాగుంది గానీ, సెక్యూరిటీ ప్యాచ్ రెడీగా ఉంటే మ్యాన్ పేజీలో అచ్చుతప్పు ఉందని ఆపుతారా? ఊరికే టెన్షన్. ఇవన్నీ ఖాళీ టైంలో జనం చేసే పనులు, జీతాలిచ్చేవాళ్లెవరూ లేరు.

టెర్మినల్_తాత:
అచ్చుతప్పుకి ఎవరాపమన్నారండీ? "రిసీవ్" స్పెల్లింగ్ తప్పయితే వచ్చే వెర్షన్‌లో దిద్దండి. నడవని ఉదాహరణ, డిఫాల్ట్ మారినా పాత విలువే చెప్పే లైను, ఇవి వేరు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు డాక్యుమెంటేషన్‌లో తప్పుని బగ్ కిందే లెక్కేస్తారు, అయినా వాళ్ల రిలీజులు ఆరు నెలలకోసారి వస్తూనే ఉన్నాయి. మరీ టైం లేదంటే 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే బగ్స్ అని ఒక భాగం పెట్టారు, అందులో రాసేయండి. తప్పని తెలిసీ ఉదాహరణని అలాగే ఉంచడం మాత్రం ఒప్పుకోను.

గోదారి_గట్టు:
మరి ఎవరు నడపాలి? కోడ్ రాసినవాళ్లేనా?

రాఫ్_రాణి:
అస్సలు కాదు. వాళ్ల మెషీన్‌లో కాన్ఫిగ్ ఫైళ్లన్నీ ముందే ఉంటాయి, పేజీలో చెప్పడం మర్చిపోయిన స్టెప్పు వాళ్లకు తగలదు. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఖాళీ కంటైనర్ (ఏ సెట్టింగులూ లేని విడి సిస్టమ్ లాంటిది) ఇచ్చి, పేజీ తప్ప ఇంకేమీ చూడొద్దనండి.

స్క్రిప్టు_సూరి:
ఆ కంటైనర్ పని కూడా స్క్రిప్టే చేస్తుందక్కా. పేజీలోంచి ఉదాహరణలు లాగి, ఒక్కోటీ నడిపి, ఎర్రర్ వస్తే బిల్డ్ ఆపేస్తా.

టెర్మినల్_తాత:
స్లాష్ తప్పినా ఆర్‌సింక్ ఎర్రర్ ఇవ్వదు నాయనా, చెప్పిన పని చక్కగా చేసేస్తుంది.

స్క్రిప్టు_సూరి:
అయితే ఏ ఫైలు ఎక్కడ పడాలో కూడా పక్కన రాసి పోల్చి చూస్తా తాతా. శనివారం ప్యాచ్ పెడతా, అప్పుడు తిడుదురు గానీ.