మూడేళ్ల పాప ఆనందంగా లేదట, అరిస్టాటిల్ లెక్కలో!

కోట జంక్షన్:
సివిల్స్ ఎథిక్స్ పేపర్‌కి చదువుతున్నాను, విజయనగరంలో గదిలో ఒక్కడినే, అడగడానికి పక్కన ఎవరూ లేరు. గ్రీకుల 'యుడైమోనియా'కి నా నోట్సులో ఆనందం అని ఉంది. సరే అనుకుంటే, చిన్నపిల్లలకి ఆ మాట వర్తించదు, వాళ్లకింకా ఆ వయసు రాలేదు అంటాడు అరిస్టాటిల్. మా అక్క కూతురు పొద్దున లేచిన దగ్గర్నుంచి నవ్వుతూనే ఉంటుంది. దానికి లేని ఆనందం ఇంకెవరికుందండీ?

గంటస్తంభం వీధి:
తప్పు పాపది కాదు తమ్ముడూ, నోట్సుది. ఎవరైనా పెద్దాయన పోతే అరుగు మీద కూర్చుని "బతికితే ఆయనలా బతకాలిరా" అంటారు చూడు, యుడైమోనియా ఆ మాటకి దగ్గర, ఆయన రోజూ నవ్వాడా లేదా అని ఎవరూ అడగరు కదా. పిల్లల్ని అలా అన్నామంటే మన ఆశ కొద్దీ అంటున్నామంతే అని అరిస్టాటిలే రాశాడు. మా అమ్మాయి ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది కాబట్టి నాకు ఆయన లైర్ (గ్రీకుల తీగల వాద్యం) ఉదాహరణ బాగా ఎక్కింది. లైర్ వాయించేవాడి పని వాయించడం, మంచి విద్వాంసుడి పని బాగా వాయించడం. మనిషి పని బుద్ధితో బతకడం, దాన్ని సద్గుణంతో బాగా చేస్తే అదే యుడైమోనియా. గుణం ఉంటే చాలదు, నిద్రపోయేవాడికీ ఉంటుంది, వాడాలి. అదీ జీవితమంతా. ఒక్క వానకోయిల కనబడితే వసంతం రాదు అన్నది అందుకే.

ఉద్దానం కొబ్బరి:
అంతా బాగుంది గానీ అదృష్టం సంగతి వదిలేశారు. 2018లో తిత్లీ తుపానుకి మా చిన్నాన్న కొబ్బరితోట ఒక్క రాత్రిలో నేలమట్టం. స్టోయిక్కులని ఇంకో గ్రీకు తత్వవేత్తల బృందం ఉంది, వాళ్లనడిగితే గుణం ఒక్కటీ చాలు, తోట పోయినా ఏమీ పోలేదంటారు. ఈ మాట మా ఊళ్లో ఆ మర్నాడు అనుంటే కొట్టేవారు. అరిస్టాటిల్ కొంచెం నయం. ముసలితనంలో కొడుకుల్నీ రాజ్యాన్నీ పోగొట్టుకున్న ట్రాయ్ రాజు ప్రియామ్‌కి పట్టిన గతే పడితే మంచివాడు నీచానికి దిగడు కాబట్టి దౌర్భాగ్యుడు అనలేం, అలాగని ధన్యుడనీ అనలేం అంటాడు. నాకు ఇదే నిజాయితీగా అనిపిస్తుంది.

కోట జంక్షన్:
ఆనందం కొట్టేసి 'బాగా బతకడం' అని రాసుకున్నాను. ఆన్సర్‌లో ప్రియామ్ రాయాలా, తిత్లీ రాయాలా?

ఉద్దానం కొబ్బరి:
ప్రియామ్‌ని అందరూ రాస్తారు. తిత్లీ రాయి.