డాక్యుమెంటేషన్‌లో అక్షరదోషాలు దిద్దేటప్పుడు వేటిని ముట్టుకోకూడదు?

ప్రశ్న:
ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మాన్యువల్‌లో నలభైకి పైగా అక్షరదోషాలు కనబడితే, అన్నిటినీ ఒకేసారి వెతికి మార్చే పద్ధతిలో సరిచేసి పంపాను. కోడ్ ఉదాహరణలు చెడిపోయాయని, ఒక శీర్షికను మార్చడంతో లింకులు తెగిపోయాయని చెప్పి నిర్వాహకులు దానిని తిప్పి పంపారు. తెలిసి తెలిసి తప్పులను అలాగే వదిలేయడమేనా?

జవాబు 1:
మీరు వాక్యంలోని మాటకూ, ప్రోగ్రామ్ చదివే పేరుకూ తేడా చూడలేదు. మొదటిది స్వేచ్ఛగా దిద్దవచ్చు. రెండోది కోడ్‌లో ఎలా ఉంటే మాన్యువల్‌లోనూ అలాగే ఉండాలి, ఎందుకంటే పాఠకుడు దానిని కాపీ చేసి వాడతాడు. హెచ్‌టీటీపీలో (బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే పద్ధతిలో), పాఠకుడు ఏ పేజీ నుంచి వచ్చాడో సర్వర్‌కు చెప్పే రిఫరర్ హెడర్‌నే చూడండి: ఇంగ్లీషులో ఆ మాట మధ్యన రెండు 'ఆర్'లు ఉండాలి, కానీ 1996లో హెచ్‌టీటీపీని వివరించిన పత్రం ఆర్ఎఫ్‌సీ 1945లో ఒక్క 'ఆర్'తో నమోదైన పేరే నేటికీ చెల్లుతోంది. దానిని ఇప్పుడు ఎవరైనా సరిదిద్దితే సర్వర్లు గుర్తించవు. ఇక శీర్షికల సంగతికొస్తే, చాలా సాధనాలు లింకు చిరునామాను శీర్షికలోని అక్షరాల నుంచే తయారుచేస్తాయి కాబట్టి, పాత యాంకర్‌ను (లింకు వచ్చి చేరే గుర్తును) విడిగా ఉంచి ఆ తరువాత శీర్షిక మార్చండి.

జవాబు 2:
అనువాదకుల వైపు నుంచి ఒక మాట. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనం వాడే ప్రాజెక్టుల్లో మూలవాక్యంలో ఒక్క కామా మారినా, ఫైళ్లను కొత్త మూలంతో కలిపినప్పుడు ఆ వాక్యపు అనువాదాలన్నిటికీ 'ఫజ్జీ' (మళ్లీ చూడాలి) అనే గుర్తు పడుతుంది. అలా గుర్తు పడినవాటిని, తుది ఫైలును తయారుచేసే ఎంఎస్‌జీఎఫ్‌ఎమ్‌టీ అనే కమాండు మామూలుగా అందులో చేర్చదు కాబట్టి, నిన్నటిదాకా తన భాషలో కనిపించిన వాక్యం పాఠకుడికి హఠాత్తుగా ఇంగ్లీషులో కనిపిస్తుంది. అర్థం మారని దిద్దుబాటైతే ఆ గుర్తును కూడా మీరే తీసేయవచ్చు. అయితే ఒక్క కమాండుతో ఫైలంతటా తీసేయకండి. నిజంగా మళ్లీ చూడవలసిన పాత వాక్యాలు కూడా వాటితోపాటు దాటిపోతాయి. నేనొకసారి ఆ పొరపాటు చేసి, రెండు వారాంతాలు దానికే వెచ్చించాను.

జవాబు 3:
అక్షరదోషాలు వెతికే కోడ్‌స్పెల్ అనే సాధనం వాడి చూడండి. అది తరచుగా జరిగే తప్పుల జాబితాతో మాత్రమే పోల్చి చూస్తుంది కాబట్టి, నిఘంటువుతో పోల్చే ఆస్పెల్ లాగా ప్రతి సాంకేతిక పదాన్నీ అనుమానించదు. కానీ 'ఫ్రమ్' ఉండవలసిన చోట 'ఫామ్' పడితే అది పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ సరైన మాటలే. పంపేముందు గిట్‌లో (కోడ్ మార్పులను నమోదు చేసే సాధనంలో) మార్పులను మాటమాటగా చూపే వర్డ్-డిఫ్ పెట్టి మారిన ప్రతి మాటనూ కంటితో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. వాక్యాల్లోని దిద్దుబాట్లను విడదీసి మళ్లీ పంపాను, వాటిని స్వీకరించారు. కోడ్ ఉదాహరణల్లోని ఏడు పేర్లను సోర్స్‌తో (ప్రోగ్రామ్ అసలు కోడ్‌తో) పోల్చి చూస్తే, ఆరు పేర్లు అక్కడ కూడా తప్పుగానే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. ఏడోది 'సెపరేటర్' అనే ఆప్షన్: సోర్స్‌లో సరిగానే ఉంది, మాన్యువల్‌లో మాత్రం 'ఏ' బదులు 'ఈ' పడింది. తెలియని ఆప్షన్‌ను ఆ ప్రోగ్రామ్ ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది కాబట్టి, ఆ ఉదాహరణను కాపీ చేసుకున్నవారికి అది పని చేసి ఉండదు. దానిని అక్షరదోషంగా కాక, బగ్‌గా విడిగా నమోదు చేశాను.