ఆర్‌లో ఎస్3 క్లాస్‌కి కన్‌స్ట్రక్టర్: చెకింగులన్నీ అందులోనే పెట్టాలా?

ప్రశ్న:
పైథాన్ నుంచి ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషకి వచ్చాను. ఉష్ణోగ్రతల కోసం టెంప్ అని ఒక ఎస్3 క్లాస్ (ఆర్‌లో సాదా రకం క్లాస్) రాసుకున్నా, లోపల నంబర్ల వెక్టర్, పక్కన యూనిట్ అనే యాట్రిబ్యూట్ (విలువకి తగిలించే అదనపు సమాచారం), అంతే. టెక్స్ట్‌ని నంబర్‌గా మార్చడం, యూనిట్ సరైనదో కాదో చూడటం, సెల్సియస్‌లో -273.15 కంటే కిందకి పోతే ఎర్రర్ ఇవ్వడం, చివర్లో క్లాస్ తగిలించడం, మొత్తం ఒకే కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్‌ని తయారుచేసే ఫంక్షన్‌లో, కుక్కేశా. పనైతే చేస్తోంది కానీ లూప్‌లో పెడితే నత్తనడక. పైగా దీని మీద సెన్సర్ టెంప్ అని పిల్ల క్లాస్ రాద్దామంటే కుదరట్లేదు, ఎప్పుడూ టెంప్ మాత్రమే వస్తోంది. ఆర్‌లోనే ఉన్న ఇంకో క్లాస్ పద్ధతి ఎస్4కి మారిపోనా?

జవాబు 1:
మారక్కర్లేదు, ఆ ఫంక్షన్‌ని మూడు ముక్కలు చేయండి చాలు. న్యూ_టెంప్ మీ లోపలి వాడకానికి: వచ్చింది డబులా (దశాంశ సంఖ్యల రకమా), యూనిట్ ఒక్క స్ట్రింగేనా అని స్టాప్‌ఇఫ్‌నాట్‌తో (షరతు తప్పితే ఎర్రర్ ఇచ్చే ఫంక్షన్) చూసి, స్ట్రక్చర్ ఫంక్షన్‌తో క్లాస్ తగిలించి వదిలేయాలి, అంతకు మించి ఏమీ చేయకూడదు. -273.15 లాంటి, విలువలన్నీ చదివితే గానీ తేలని చెకింగ్ వ్యాలిడేట్_టెంప్‌లోకి. టెక్స్ట్‌ని నంబర్ చేయడం, యూనిట్ ఇవ్వకపోతే సెల్సియస్ అనుకోవడం లాంటి సౌకర్యాలు యూజర్ పిలిచే టెంప్ ఫంక్షన్‌లో పెట్టి, అది ఆ రెండింటినీ వరసగా పిలుస్తుంది. విలువలు సరైనవేనని ముందే తెలిసిన చోట, అంటే మీ సొంత మెథడ్స్‌లో (క్లాస్‌ని బట్టి నడిచే ఫంక్షన్లలో), నేరుగా న్యూ_టెంప్ వాడుకోవచ్చు. ఎస్3లో క్లాస్ అంటే ఒక యాట్రిబ్యూట్ మాత్రమే, ఎవరైనా దేనికైనా తగిలించేయొచ్చు, ఆర్ అడ్డుకోదు. అందుకే ఈ క్రమశిక్షణ మనమే పెట్టుకోవాలి.

జవాబు 2:
పిల్ల క్లాస్ సంగతి: న్యూ_టెంప్‌కి క్లాస్ అని ఇంకో ఆర్గ్యుమెంట్ ఇచ్చి, డిఫాల్ట్‌గా ఖాళీ క్యారెక్టర్ వెక్టర్ పెట్టండి. లోపల ఆ వచ్చిన పేరు ముందు, టెంప్ వెనక ఉండేలా కలపాలి. మెథడ్ కోసం ఆర్ ఎడమ నుంచి కుడికి వెతుక్కుంటూ పోతుంది కాబట్టి ఈ వరస తారుమారైతే పిల్ల మెథడ్ బదులు తండ్రిదే నడుస్తుంది. ఇంకోటి, చదరపు బ్రాకెట్‌తో మొదటి మూడు విలువలు తీసి చూడండి, క్లాసూ యూనిటూ రెండూ ఎగిరిపోతాయి. దానికి మెథడ్ మీరే రాయాలి.

జవాబు 3:
సొంత స్క్రిప్ట్ కోసమైతే మూడు ఫంక్షన్లు దండగ అని నా అభిప్రాయం, ప్యాకేజీ అయితే సరే. ఎస్4లో సెట్‌క్లాస్ చేస్తే కన్‌స్ట్రక్టర్ ఫంక్షన్ దానంతటదే చేతికొస్తుంది, వ్యాలిడిటీ, అంటే విలువలు సరైనవేనా అన్న చెకింగ్, కూడా అక్కడే రాసుకోవచ్చు. కానీ తర్వాత యాట్ గుర్తుతో (@) స్లాట్, అంటే ఆబ్జెక్ట్ లోపలి ఒక గడి, మారిస్తే రకం మాత్రమే చూస్తుంది, వ్యాలిడిటీ మళ్లీ నడవదు, వ్యాలిడ్‌ఆబ్జెక్ట్ మీరే పిలవాలి. కాబట్టి అక్కడికి పోయినా ఈ తలనొప్పి పూర్తిగా పోదు.

ప్రశ్న అడిగినవారు:
విడగొట్టాను, లూప్ ఇప్పుడు హాయిగా పరిగెడుతోంది. కానీ సెన్సర్ టెంప్ ఇస్తే పాత కోడ్‌లో ఒక ఇఫ్ దగ్గర ఎర్రర్, కండిషన్ పొడవు ఒకటి కంటే ఎక్కువ అంటోంది.

జవాబు 2:
అక్కడ క్లాస్‌ని ఈక్వల్ ఈక్వల్‌తో పోల్చి ఉంటారు. ఇప్పుడు క్లాస్‌లో రెండు పేర్లున్నాయి కదా, జవాబు కూడా రెండు వస్తుంది, ఆర్ 4.2.0 నుంచి ఇఫ్ దాన్ని ఒప్పుకోదు. దాని బదులు ఇన్‌హెరిట్స్ వాడండి, క్లాస్ పేర్లలో టెంప్ ఉందా లేదా అని ఒక్క జవాబే ఇస్తుంది.