ఎగుంగున్ నాట్యం: మనసుకు వైద్యమా, పెద్దల ఆరాధనా?

గోదారిపిల్ల: పోయిన నెల బెంగళూరులో రెండు రోజుల డాన్స్ వర్క్‌షాప్‌కి వెళ్లాను. నైజీరియా యోరుబా వాళ్ల ఎగుంగున్ పద్ధతి అన్నారు, డ్రమ్ముల మధ్య మన పెద్దల్ని తలచుకుంటూ ఆడాలి. నాన్న పోయి పది నెలలు. ఫ్లైట్ దొరక్క కడసారి చూపు దక్కలేదు, అప్పటి నుంచి కంట నీరే రాలేదు. రెండో రోజు అక్కడే కూలబడి ఏడ్చాను. ఇది వైద్యమే అంటాను.

లాగోస్‌తెలుగు: ఏడుపొచ్చింది, మంచిదేనమ్మా. కానీ దాన్ని ఎగుంగున్ అనకండి. నేను ఆరేళ్లు అక్కడున్నాను. ఎగుంగున్ అంటే పోయిన పెద్దలు ఇంటికి తిరిగి రావడం. ఆడే మనిషికి తల నుంచి పాదాల దాకా గుడ్డ పట్టీలే, లోపలి మనిషి కనపడడు, గిర్రున తిరిగితే ఆ పట్టీలు గొడుగులా విచ్చుకుంటాయి. ఆ వంశం పొగడ్తల్ని, ఒరికీ అంటారు, డ్రమ్ముతోనే పలికిస్తారు. మీ దగ్గర ఎవరి వంశాన్ని పలికించారు?

డప్పుశబ్దం: డ్రమ్ము పలకడమేంటండీ, దరువేగా.

లాగోస్‌తెలుగు: దరువు కాదు, మాటే. వాళ్ల భాషలో మూడు స్వరస్థాయిలు. చంకలో పెట్టుకున్న డ్రమ్ము తాళ్లు నొక్కి వదులుతుంటే అవే పలుకుతాయి.

డప్పుశబ్దం: ఒకే స్వరంలో పది మాటలుంటే ఏదని తెలుస్తుంది?

లాగోస్‌తెలుగు: అందుకే విడి మాట వాయించరు, అందరికీ తెలిసిన సామెతో పొగడ్తో వాయిస్తారు.

గోదారిపిల్ల: డ్రమ్ము గొడవ ఆపండి. నేను ఏడవడానికి మీ పర్మిషన్ కావాలా?

విజయనగరంఅక్క: మా చెల్లికి జబ్బు చేస్తే పూనకమని మూడేళ్లు జాతరలకి తిప్పారు. ఇప్పుడు మాత్రలతో నిలకడగా ఉంది. ఆటాపాటా వైద్యమంటే నాకు వణుకొస్తుంది.

గోదారిపిల్ల: మాత్రలు మానమని నేనెక్కడన్నానక్కా?

లాగోస్‌తెలుగు: అక్కగారూ, 1954లో నైజీరియాలోనే అబెయొకుటా ఊరి దగ్గర ఆరో అనే చోట మానసిక వైద్యుడు డాక్టర్ లాంబో రోగుల్ని వార్డుల్లో పెట్టకుండా పక్క ఊళ్లలో బంధువులతో ఉంచి ఆసుపత్రి వైద్యం చేయించాడు, నాటు వైద్యుల్నీ కలుపుకున్నాడు. అక్కడ మందూ ఉంది, ఊరూ ఉంది. నా కోపం ఆ అమ్మాయి మీద కాదు, ఊరు లేకుండా రెండు రోజుల్లో పెద్దల్ని అమ్మేవాళ్ల మీద.

గోదారిపిల్ల: నాకు ఊరు లేదండీ. నాన్న పోగానే ఇల్లు అమ్మేశారు. ఎవరి దగ్గర ఏడవమంటారు? ఆ పేరు వాడొద్దంటే వాడను.

లాగోస్‌తెలుగు: సంవత్సరీకం ఎక్కడ పెడుతున్నారమ్మా?

గోదారిపిల్ల: ఇంకా తేల్చుకోలేదు.