సమస్య: తన్ను తానె తినుచు తనువు నిలుచు

సూక్ష్మదర్శి (నిర్వహణ): మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

తన్ను తానె తినుచు తనువు నిలుచు

అసంగతంగా వినిపించే ఈ మాటను కణాంగాల (కణం లోపలి చిన్న చిన్న భాగాల) పనితీరుతో సమర్థించండి. జంతుకణమైనా, వృక్షకణమైనా సరే. గణాలూ యతీ ఎంత ముఖ్యమో, కణంలో జరిగేది జరిగినట్టు చెప్పడమూ అంతే ముఖ్యం. ఛందస్సు కోసం జీవశాస్త్రాన్ని వంచితే ఒప్పుకోను.

చిగురుకొమ్మ:

పాతపడిన దెల్ల పట్టి పొరల జుట్టి
లైసొజోము చెంత లయము చేసి
ముక్క ముక్క తిరిగి మూలధనము కాగ
తన్ను తానె తినుచు తనువు నిలుచు

సూక్ష్మదర్శి: శుభారంభం, చిగురుకొమ్మ గారూ! "పొరల జుట్టి" అనడంలోనే అసలు విషయం పట్టారు. అరిగిపోయిన భాగం చుట్టూ ముందు రెండు పొరల సంచి ఏర్పడుతుంది. అది జీర్ణ ఎంజైములు నిండిన లైసోజోముతో కలిశాకే జీర్ణక్రియ మొదలవుతుంది. లైసోజోము లోపల పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 5 వరకు, బయట కణద్రవ్యంలో సుమారు 7.2. లోపలి ఎంజైములు ఆమ్లంలోనే చురుకుగా పనిచేస్తాయి కాబట్టి ఒకటీ అరా కారిపోయినా కణానికి పెద్ద ముప్పు ఉండదు. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్ 1955లో పేరు పెట్టిన ఈ కణాంగాన్ని మన పాఠాలు "స్వయం విచ్ఛిత్తి సంచి" అని మాత్రమే చెప్పి వదిలేస్తాయి. విరిగిన ప్రోటీన్ల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు మళ్లీ నిర్మాణానికి పనికొస్తాయన్న సంగతి మీ మూడో పాదంలో ఉంది. నాకు బాగా నచ్చింది అదే. లైసోజోమును "లైసొజోము" అని కుదించడం అన్యదేశ్యానికి చెల్లుతుంది.

పైరగాలి:

కణపు కొలిమి యనగ మైటొకాండ్రియ వెల్గె
శ్వాస తెచ్చు గాలి సాయమునను
చక్కెరలను కాల్చి జవమును నొసగంగ
తన్ను తానె తినుచు తనువు నిలుచు

సూక్ష్మదర్శి: పైరగాలి గారూ, ధార చక్కగా ఉంది, కానీ మొదటి పాదంలో "క"కు "మై"తో యతి చెల్లదు. అంతకన్నా పెద్ద చిక్కు మూడో పాదంలో ఉంది. గ్లూకోజు అనే చక్కెర మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే కణాంగం) లోపలికి వెళ్లదు. కణద్రవ్యంలోనే పైరువేటు అనే చిన్న అణువుగా విరిగి, ఆ రూపంలో లోపలికి చేరుతుంది. పైగా ఇక్కడ కాలుతున్నది బయటి నుంచి వచ్చిన ఆహారం. తనను తాను తినడం ఎక్కడ జరిగింది? సమస్య పూరణకు అందలేదు.

వెన్నెలకలం: చెడిపోయిన మైటోకాండ్రియాను కణమే ఏరి తినేస్తుంది కదా, పైరగాలి గారూ. అటువైపు చూడండి.

పైరగాలి: ధన్యవాదాలు. సవరించాను.

మైటొకాండ్రి కొలిమి మసిబారి చెడినచో
గుర్తు వేసి దాని కూల్చి వేసి
కొత్త దొకటి పెంచుకొనుచు కణము వెల్గు
తన్ను తానె తినుచు తనువు నిలుచు

సూక్ష్మదర్శి: భేష్! "గుర్తు వేసి" అన్నది అలంకారం కాదు, అక్షరాలా నిజం. దెబ్బతిన్న మైటోకాండ్రియా పైపొర మీద యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను అతుక్కుంటుంది. ఆ గుర్తును బట్టే సంచి దాన్ని చుట్టేస్తుంది.

వెన్నెలకలం: వృక్షకణం వైపు నుంచి నా ప్రయత్నం.

ఆకు పండువేళ హరితరేణువు కూల్చి
నత్రజనిని గింజ నడుమ చేర్చి
మోడు గాదు చెట్టు, మొలకలో బ్రతుకును
తన్ను తానె తినుచు తనువు నిలుచు

చిగురుకొమ్మ: పద్యం అందంగా ఉంది. కానీ గింజ వేరే మొక్క అవుతుంది కదా! తిన్న తనువు ఒకటి, నిలిచిన తనువు మరొకటి అయింది.

సూక్ష్మదర్శి: న్యాయమైన ఆక్షేపణ. ఆకు రాల్చే చెట్లు రాల్చేముందు నత్రజనిని వెనక్కి లాక్కుని బెరడులో ప్రోటీన్లుగా దాచుకుంటాయి, చిగురించేటప్పుడు వాడుకుంటాయి. "గింజ"కు బదులు "బెరడు", "మొలకలో"కు బదులు "మొగ్గలో" అనండి. గణాలు చెదరవు, చెట్టూ అదే చెట్టుగా మిగులుతుంది. హరితరేణువును (ఆకులో ఆహారం తయారుచేసే పచ్చని కణాంగాన్ని) ఎంచుకోవడం గొప్ప ఆలోచన. చాలా మొక్కల ఆకుల్లో కరిగే ప్రోటీనులో సగం దాకా అందులోని రుబిస్కో అనే ఎంజైమే. అది ముక్కలుగా రిక్తికలోకి (కణంలో ద్రవంతో నిండిన సంచిలోకి) చేరి జీర్ణమవుతుంది. జంతుకణంలో లైసోజోము చేసే పనిని మొక్కలో చాలావరకు రిక్తికే చూసుకుంటుంది. కణం తనను తాను తినే తీరుపై జపాను శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ తెచ్చిన పరిశోధన కూడా ఈస్టు రిక్తికలోనే మొదలైంది. జీర్ణ ఎంజైములు లేని ఈస్టును ఆయన పస్తు పెడితే, అరగని మూటలు రిక్తిక నిండా పోగుపడి సూక్ష్మదర్శినిలో కదులుతూ కనిపించాయి.

నీటిచుక్క: ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి.

ఎర్రకణములోన నేదియు మిగులదు
ప్రాణవాయు వొకటె భార మనుచు
ఉన్న దెల్ల కరిగి యూపిరి మోయును
తన్ను తానె తినుచు తనువు నిలుచు

సూక్ష్మదర్శి: నీటిచుక్క గారూ, ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇది. తినేది కణం, నిలిచేది మన తనువు. సమస్యలోని వైరుధ్యం ఒక్కసారిగా విడిపోయింది. మైటోకాండ్రియా సైతం లేకపోవడం వల్లే ఎర్రకణం మోసుకెళ్లే ఆక్సిజన్‌ను తాను వాడుకోదు. ఒక్క సవరణ కావాలి. కేంద్రకం కరగదు. ఎముక మజ్జలో కణం దాన్ని బయటికి నెట్టేస్తే, పక్కనున్న భక్షక కణాలు మింగుతాయి.

నీటిచుక్క: అయితే మూడో పాదం ఇలా మార్చవచ్చా?

కేంద్రకమును వెడల గెంటి యూపిరి మోయు

సూక్ష్మదర్శి: నిరభ్యంతరంగా. "కే"కు "గె"తో యతి కుదిరింది, మజ్జలో జరిగే పనీ కుదిరింది. పద్యం పైన "క్షీరదాల ఎర్రకణం" అని ఒక శీర్షిక పెట్టండి. పక్షులకూ చేపలకూ ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది.