ద్వేషం బోర్డులు పట్టుకుని ఒక గుంపు మా ఊరికి వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న:
మేం అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. వచ్చే వారం మా అమ్మాయి చదివే హైస్కూల్ ముందు గే, ట్రాన్స్ వాళ్ళను తిడుతూ బోర్డులు పట్టుకుని నిలబడతామని బయటి నుంచి ఒక గుంపు ప్రకటించింది. తన స్నేహితుల్లో ఇద్దరు ఆ రోజు స్కూలుకి రామని అప్పుడే చెప్పేశారు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో సగం మంది వెళ్ళి తరిమేద్దాం అంటున్నారు, మిగతావాళ్ళు పట్టించుకోవద్దంటున్నారు. పోలీసులేమో ఫుట్‌పాత్ మీద నిలబడితే ఆపలేం అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఇలాంటిది చూసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1:
పోలీసులు చెప్పింది నిజమేనండీ. గే వాళ్ళను తిడుతూ బోర్డులతో ఊరూరా తిరిగే వెస్ట్‌బరో అనే చిన్న చర్చి వాళ్ళు ఇరాక్‌లో చనిపోయిన సైనికుడి అంత్యక్రియల దగ్గర ఇలాగే నిలబడితే ఆ తండ్రి కోర్టుకెళ్ళాడు, 2011లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో చర్చి వైపే తీర్పు ఇచ్చింది. చదివినప్పుడు నాకు కడుపు మండిపోయింది. కానీ ఆపించాలని తిరిగితే ఉన్న వారం రోజులూ అందులోనే పోతాయి. తరిమేద్దాం అనేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పండి, ఆ చర్చి నడిపే కుటుంబంలో చాలామంది లాయర్లే, ఇలాంటి వాళ్ళ మీద ఎవరైనా చెయ్యి వేస్తే వీడియో వాళ్ళ చేతికి వస్తుంది, కేసు మన మీద పడుతుంది.

జవాబు 2:
1998లో వయోమింగ్‌లో మాథ్యూ షెపర్డ్ అనే గే విద్యార్థిని కొట్టి చంపారు. అంత్యక్రియలకు కూడా ఆ చర్చి వాళ్ళే బోర్డులతో వచ్చారు. మరుసటి ఏడాది అక్కడి లారమీ ఊళ్ళో ఆ హత్య కేసు విచారణ జరిగేటప్పుడు మళ్ళీ వస్తున్నారని తెలిసి, అతని స్నేహితులు తెల్లగుడ్డతో పెద్ద పెద్ద దేవదూత రెక్కలు కుట్టుకుని, ఆ బోర్డులకు వీపు పెట్టి వరసగా నిలబడ్డారు. ఎవరూ నోరు విప్పలేదు, బోర్డులు మాత్రం రెక్కల వెనక్కి పోయాయి. 2005లో మొదలైన పేట్రియాట్ గార్డ్ రైడర్స్ అనే మోటార్‌సైకిల్ వాళ్ళూ సైనికుల అంత్యక్రియల్లో జెండాలతో ఇలాగే అడ్డంగా నిలబడతారు, అదీ కుటుంబం పిలిస్తేనే. మీరు కూడా ముందు ఆ ఇద్దరు పిల్లల్నీ అడగండి. వాళ్ళకి ఏది ధైర్యమిస్తుందో పెద్దవాళ్ళం మనం ఊహించి నిర్ణయించకూడదు.

జవాబు 3:
అసలు అటువైపే వెళ్ళకండి, ఎంత మౌనంగా ఉందామనుకున్నా ఎవరో ఒకరు అరుస్తారు, మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వస్తుంది. జర్మనీలో వున్‌జీడెల్ అనే ఊరికి నియో నాజీలు ఏటా ఊరేగింపుకి వచ్చేవాళ్ళు. 2014లో ఊరివాళ్ళు వాళ్ళు నడిచే ఒక్కో మీటరుకీ 10 యూరోల చొప్పున విరాళం కూడబెట్టారు. చివరికి 10,000 యూరోలు నియో నాజీ గుంపుల నుంచి బయటపడాలనుకునేవాళ్ళకు సాయం చేసే సంస్థకు వెళ్ళాయి! మీరు నిమిషానికి ఇంతని పెట్టుకోవచ్చు, ఇంట్లోంచే చేయొచ్చు కదా.

జవాబు 2 రాసినవారు:
విరాళం మంచిదే, తప్పకుండా చేయండి. కానీ ఆ ఉదయం గేటు దగ్గర మనవాళ్ళు ఒక్కరూ కనిపించకపోతే, ఊరంతా ఆ బోర్డులతో ఏకీభవిస్తోందేమో అని ఆ పిల్లలకు అనిపించదా? 1993లో మోంటానాలోని బిల్లింగ్స్‌లో ఒక యూదు పిల్లాడి కిటికీ మీద రాయి పడితే, అక్కడి పేపర్ యూదుల దీపస్తంభం బొమ్మను పేజీ నిండా అచ్చేసింది, యూదులు కాని వాళ్ళు కూడా వేల ఇళ్ళల్లో దాన్ని కిటికీలకు అంటించుకున్నారు. మేమున్నాం అని కంటికి కనపడాలండీ.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ఆ పిల్లలతో, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడాం. పెద్ద గుంపు వద్దు, మైకులు వద్దు, బస్సు దిగిన దగ్గర్నుంచి తలుపు దాకా మాతో నడిస్తే చాలు అన్నారు. ఇప్పటికి ముప్పై మంది పేర్లు ఇచ్చారు, ప్రిన్సిపల్‌కీ పోలీసులకీ ముందే చెప్పాం. తరిమేద్దామన్న ఆయనే పెద్ద గొడుగులు తెస్తానన్నారు, బోర్డుల వైపు అడ్డంగా పట్టుకోవడానికి. నిమిషాల లెక్క చూసే పని మా అమ్మాయి తీసుకుంది.