హైవే మీద సాయానికి వెళ్తున్నాం, ముందు ఏం చేయాలో చెప్పండి

అరటి కాటా, రావులపాలెం:

అందరికీ నమస్కారం అండి. నేను రావులపాలెం అరటి మార్కెట్లో కాటా దగ్గర గుమాస్తాగా చేస్తాను. గెలలు తెల్లారకముందే దిగుతాయి కాబట్టి నేనూ, మరో ముగ్గురు స్నేహితులూ మూడున్నరకే రోడ్డెక్కుతాం. దారిలో ఎవరి బండైనా ఆగిపోతే ఆగి సాయం చేయడం అలవాటైంది.

పోయిన ధనుర్మాసంలో ఒకరోజు మంచు బాగా పట్టేసింది. సిద్ధాంతం ఊరి వైపు నుంచి వచ్చి గోదావరి వంతెన దిగే చోట కొబ్బరికాయల లారీ ఆగి ఉంది. వెనక లైట్లు లేవు, రెండు చెట్టుకొమ్మలు పెట్టారంతే. ఓ కారు వెళ్లి దాన్ని గుద్దింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, హైదరాబాదు నుంచి అన్నవరం వెళ్తున్నారట. మేం పరుగెత్తి వెళ్లి నడుపుతున్న ఆయన్ని చంకల్లో చేతులు వేసి బయటికి లాగాం. ఆయన "నడుం, నడుం" అని అరిచారు. అదే సమయంలో వెనక నుంచి ఇంకో కారు బ్రేకు వేసుకుంటూ వచ్చి మావాడికి రెండు మూరల దూరంలో ఆగింది. ఆ బ్రేకు చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

పిల్లలకు ఏమీ కాలేదు. ఆయన నెలన్నర మంచం మీద ఉన్నారని తర్వాత తెలిసింది. మేం లాగడం వల్లే అలా అయిందా అన్న ఆలోచన నన్ను తినేస్తోంది. 108 వెనకే ఆసుపత్రికి వెళ్తే అక్కడ కౌంటర్లో మమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టి ఆధార్ నంబర్లు రాసుకున్నారు. "పరాయివాళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతావా" అని అప్పటినుంచీ మా అమ్మకు ఒకటే టెన్షన్.

మళ్లీ సంక్రాంతి వస్తోంది. భోగి ముందు రెండు రాత్రులూ ఈ రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఈసారి పద్ధతిగా చేయాలనుకుంటున్నాం. వెళ్లగానే ముందు ఏం చేయాలి? బండిలో ఏం పెట్టుకోవాలి? పోలీసుల సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టైర్ల షాపు, సిద్ధాంతం:

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లుగా ఈ రోడ్డు పక్కనే పంచర్లు వేస్తున్నాను. నీ ప్రశ్నకు జవాబు నువ్వే రాశావు, ఆ రెండో కారు. గాయపడినవాళ్ల దగ్గరికి వెళ్లేముందు వెనక్కి వెళ్లాలి.

మా షాపులో పనిచేసే కుర్రాడు ఓ రాత్రి ఇలాగే సాయానికి వెళ్లాడు. నేనే పంపించాను. రొయ్యల వ్యానుకు రోడ్డు వైపు చక్రం పంచరైంది. వీడు స్టెప్నీ బిగిస్తుంటే, వ్యాను డ్రైవరు పక్కన నిలబడి ఫోను లైటు పట్టుకున్నాడు. వెనక ఎవరూ లేరు. వచ్చే లారీకి ఆ చిన్న లైటు ఎక్కడ కనబడుతుంది? వీడి ఎడమ కాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఇప్పటికీ నా దగ్గరే పని చేస్తున్నాడు, కింద కూర్చుని లేవాలంటే బల్ల పట్టుకుంటాడు. ఆ రోజు నేనే వెంట వెళ్లి వెనక నిలబడి ఉంటే ఆ కాలు బాగుండేది.

అందుకే చెబుతున్నాను. నలుగురు వెళ్తే ఇద్దరు వెనక్కే. గంటకు 100 మీద వచ్చే కారు ఒక్క సెకనులో 28 మీటర్లు దూసుకొస్తుంది. నడిపేవాడు చూసి, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికే 40 మీటర్లు అయిపోతాయి. బండి ఆగడం ఆ తర్వాత సంగతి. కాబట్టి కనీసం వంద మీటర్లు వెనక్కి నడవండి, మంచులో ఇంకా వెనక్కి. వంతెన దిగే చోటైతే పైన వచ్చేవాడికి కింద ఏముందో కనబడదు, అక్కడ పైకి ఎక్కి నిలబడాలి. రోడ్డు మధ్యలో వద్దు, అంచున నిలబడి టార్చి కిందికి వేసి ఊపండి. డ్రైవరు కళ్లలో కొడితే వాడికి మీరే కనబడరు. రేడియం చొక్కాలు నాలుగు కొనండి, మిగతా సామాను తర్వాత. ఎర్ర ముక్కోణం బోర్డు కార్లతో పాటే వస్తుంది, చాలామందికి అది డిక్కీలో ఉందనే తెలియదు, అడిగి తీయించండి.

కొమ్మలు, రాళ్లు పెట్టే అలవాటు ఉంది కదా, పెట్టేవాళ్లు బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలేసి పోతారు. తర్వాత మోటారు సైకిలు వాడు వాటి మీద పడతాడు. మీరు వెళ్లిన ప్రతిచోటా చివర్లో రోడ్డు శుభ్రం చేసి రండి. గాజు పెంకులు కూడా.

రోడ్డు వైపు చక్రం పంచరైతే అక్కడ మార్చనివ్వకండి. రిమ్ము పాడైనా ఫరవాలేదు, మెల్లగా సర్వీసు రోడ్డు దాకా దొర్లించమనండి. ఆడవాళ్లనీ పిల్లల్నీ కారులో కూర్చోబెట్టవద్దు, రెయిలింగు అవతల నిలబెట్టండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. రాత్రి రెండింటికి కుటుంబంతో రోడ్డు మీద ఆగిపోయినవాళ్ల దగ్గరికి నలుగురు కుర్రాళ్లు వెళ్తే వాళ్లు భయపడతారు. మీరు మంచివాళ్లని వాళ్లకెలా తెలుస్తుంది? తలుపులు బిగించుకుని కూర్చుంటే కోప్పడకండి. ఒక్కరే వెళ్లండి. ముందు వైపు నుంచి, కాస్త దూరంలో నిలబడి, లైటు మీ మొహం మీద వేసుకుని ఊరు పేరు చెప్పండి. "అద్దం దించక్కర్లేదండి, 1033కి మీరే ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా మేం వెనక కాపలా ఉంటాం" అనండి. అది హైవే వాళ్ల ఉచిత నంబరు. వాళ్లకు క్రేను, అంబులెన్సు, గస్తీ బండి ఉంటాయి.

ఫోనులో చోటు చెప్పడం కూడా నేర్చుకోవాలి. వంతెన మీద అంటే సరిపోదు. రావులపాలెం చివర కోనసీమ జిల్లా, మా చివర పశ్చిమ గోదావరి. పైగా వెళ్లే వంతెన వేరు, వచ్చే వంతెన వేరు. అంబులెన్సు తప్పు వంతెన ఎక్కితే మధ్యలో తిరగడానికి దారి ఉండదు, చివరిదాకా పోవాల్సిందే. రాజమండ్రి వైపు వెళ్లే రోడ్డా, తణుకు వైపు వెళ్లేదా, పక్కన ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె ఎంత, ఈ రెండూ ముందు చెప్పండి.

క్యాజువాలిటీ నర్సు, అమలాపురం:

తమ్ముడూ, ముందు నీ మనసులో ఉన్నదానికి చెబుతాను. ఆ నడుం దెబ్బ గుద్దినప్పుడే తగిలిందా, మీరు లాగినప్పుడు పెరిగిందా అన్నది ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. నేను అబద్ధం చెప్పి నిన్ను ఊరడించను. కానీ ఒకటి ఆలోచించు. ఇంకో కారు మీ మీదికి వచ్చిన చోట ఆయన్ని అలాగే వదిలేస్తే ఏమయ్యేది? వెనక కాపలా ఉంటే లాగాల్సిన తొందర ఉండేది కాదు. అన్నగారు చెప్పింది అందుకే నాకు ఇంత నచ్చింది.

మామూలుగా మనిషిని కదపకూడదు. మంట, పొగ, కాలవలో పడిన బండి, ఊపిరి ఆడకపోవడం, ఇలాంటివైతేనే బయటికి తీయాలి. అప్పుడు కూడా ఒకరు తలను రెండు చేతులతో మెడతో సహా కదలకుండా పట్టుకోవాలి, మిగతావాళ్లు ఒంటిని ఒకే వరసలో, చెక్కను జరిపినట్టు జరపాలి. ఆటోలో ముడుచుకుని కూర్చోబెట్టి తెచ్చినవాళ్లను చూస్తే నాకు కడుపులో దేవేస్తుంది. 108 పది నిమిషాల్లో వస్తుందంటే ఆగండి. ముందు ఇంజను ఆపించండి, దగ్గర్లో ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వకండి.

అరిచేవాళ్ల దగ్గరికి అందరూ పరుగెడతారు. అరుస్తున్నారంటే ఊపిరి ఆడుతోందని అర్థం. మాట్లాడకుండా పడి ఉన్నవాళ్లను ముందు చూడండి.

రక్తం కారుతుంటే ఉతికిన తువ్వాలు మడిచి గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆగిందా లేదా అని ఎత్తి ఎత్తి చూడకండి. తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కండి. ఒంట్లో దిగిన ఇనుప ముక్క ఏదైనా పీకకండి. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ తీయకండి. మంచినీళ్లు తాగించకండి. మనవాళ్లు మొట్టమొదట చేసేది అదే, ప్రేమతోనే చేస్తారు. కానీ స్పృహ సరిగా లేనివాళ్లకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆపరేషను అవసరమైతే మత్తు ఇవ్వడమూ కష్టం. దుప్పటి కప్పండి, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడుతూ ఉండండి.

మీరు మాకు చేసే పెద్ద సాయం మాట. ఎన్ని గంటలకు జరిగింది, ఎక్కడ కూర్చున్నారు, బెల్టు ఉందా, మధ్యలో స్పృహ తప్పిందా, వాంతి అయిందా. ఇవి అంబులెన్సులో వచ్చిన అబ్బాయికి చెప్పండి. వాళ్ల ఫోనుకు ఇంటి నుంచి కాల్ వస్తే "దెబ్బ తగిలింది, ఫలానా ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు, మీరు నెమ్మదిగా రండి" అంతవరకే. ఎలా ఉన్నారో మీరు చెప్పకండి. ఫోటోలు తీసేవాళ్లను ఆపండి. ఆ ఫోటో వాట్సాప్‌లో చూసి కొడుకు సంగతి తెలుసుకున్న తల్లిని నేను చూశాను.

ప్లీడరు గుమాస్తా, తణుకు:

మీ అమ్మగారికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి. సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు కేంద్రం పెట్టిన మార్గదర్శకాలకు చట్టంలాంటి బలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 134ఏ సెక్షను చేర్చారు. మంచి మనసుతో అత్యవసర సాయం చేస్తూ పొరపాటు జరిగి మనిషికి హాని అయినా, ప్రాణం పోయినా సాయం చేసినవారి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. మీరు లాగిన విషయం దీని కిందికే వస్తుంది. 2020 సెప్టెంబరులో వచ్చిన నియమాల ప్రకారం పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ ఆసుపత్రి గానీ బలవంతం చేయకూడదు, ఆసుపత్రిలో ఆపి ఉంచకూడదు. మిమ్మల్ని గంట కూర్చోబెట్టడం తప్పు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం కూడా ఉంది. పథకంలో చేరిన ఆసుపత్రిలో ఆ మాట అడగండి.

అయితే నా సొంత మాట ఒకటి. పేరు చెప్పకుండా వెళ్లే హక్కు మీకుంది. కానీ గుద్దిన తీరు కళ్లారా చూసి ఉంటే చెప్పమని బతిమాలతాను. లారీకి వెనక లైట్లు లేవన్న సంగతి చెప్పేవాళ్లు లేక నష్టపరిహారం కేసుల్లో కుటుంబాలు ఎంత అవస్థ పడతాయో నేను రోజూ ఫైళ్లలో చూస్తాను. సాక్షిగా ఒప్పుకుంటే మీకు వీలైన చోటికి, వీలైన వేళకు, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలని కూడా అవే నియమాల్లో ఉంది. నగలు, డబ్బులు కనబడితే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పోలీసులకు ఇచ్చి కాగితం మీద రాయించుకోండి.

కాలవ గట్టు, కొత్తపేట:

హైవే సంగతి అన్నలు చెప్పారు. మీరు గట్టు రోడ్డు మీదికి కూడా వస్తే ఒక మోకు, గాలి నింపిన లారీ ట్యూబు, కొడవలి బండిలో ఉంచండి. కారు కాలవలో పడితే నీటి ఒత్తిడికి తలుపు రాదు, దాంతో కుస్తీ పట్టి టైము పోగొట్టుకోవద్దు. ముందు అద్దం పగిలినా ఊడిరాదు, పక్క అద్దాన్ని మూల మీద కొట్టాలి. బెల్టు రాకపోతే కొడవలితో కోసేయడమే. ఈత రానివాడు దూకకూడదు, వచ్చినవాడు కూడా మోకు నడుముకు కట్టుకుని, చివర గట్టు మీదివాళ్లకు ఇచ్చి దిగాలి. మా ఊళ్లో ఒకర్ని కాపాడబోయి ఇంకొకరు పోయారు.

సార్వా కోతలప్పుడు సర్వీసు రోడ్ల మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. నేనూ రైతునే, స్థలం లేకే పోస్తాం. చీకటి పడేలోపు ఆ రాళ్లు తీసేయమని మీ ఊరి రైతుల్ని ముందే అడగండి. అడిగితే వింటారు.

అరటి కాటా, రావులపాలెం:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అక్కా, మీరు దాచకుండా చెప్పినందుకు మరీ. ఆ రోజు పెట్రోలు వాసన కూడా వచ్చింది, మేం భయపడి లాగాం. కానీ తల పట్టుకోవాలని మాకు తెలియదు. ఇప్పుడు నలుగురం మార్కెట్లో బస్తాలు పరిచి, ఒకర్ని పడుకోబెట్టి జరపడం నేర్చుకుంటున్నాం. ప్లీడరు గుమాస్తాగారు రాసింది అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. లారీ లైట్ల విషయం స్టేషన్లో చెప్పి వస్తానంటే ఈసారి వద్దనలేదు.

బాబాయ్, చొక్కాలు కొన్నాం. నిన్న రాత్రి జొన్నాడ వైపు ఓ కారు ఆగిపోయింది, లోపల ఒకావిడ, పెద్దావిడ, చంటిపిల్ల. మీరు చెప్పినట్టే ఇద్దరు వెనక్కి వెళ్లారు, నేనొక్కణ్ణే ముందు నుంచి వెళ్లి, లైటు నా మొహం మీద వేసుకుని ఊరు చెప్పాను. ఆవిడ అద్దం దించలేదు, లోపలినుంచే 1033కి ఫోన్ చేశారు. కిలోమీటరు రాయి మీద అంకె నేను చూసి గట్టిగా చెప్పాను. బండి రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ చలిలో వెనకవాళ్లిద్దరూ కదలకుండా నిలబడ్డారు. క్రేను వచ్చాక ఆవిడ అద్దం కాస్త దించి, "మీ మార్కెట్లో కర్పూర చక్కెరకేళి దొరుకుతుందా బాబూ, మా అత్తగారు అడుగుతున్నారు" అన్నారు.